దుమ్ములేని గది

ఆ వేసవిలో నా కాలేయంలో నూటికి అరవై వంతులు అన్నయ్య కడుపులో ఉన్నాయి. మిగిలిన నలభై నా దగ్గరున్నాయి. రెండు ముక్కలూ పెరగాలి. నాలుగు వారాలు బుద్ధిగా పెరిగాయి. ఐదో వారం నుంచి మా ఇంట్లోనే ఎవరో వాటిని చంపడం మొదలుపెట్టారు.

ఇంట్లో ఉన్నదే నలుగురం. నాన్న, అన్నయ్య, వదిన, నేను. ఆ నలుగురిలో ఒకరి మీద నాకు అనుమానం వచ్చింది. వారం తిరక్కుండా ఆ అనుమానం నమ్మకమైంది.

అన్నయ్యను ఇంటికి పంపిన రోజు డాక్టరమ్మ మమ్మల్నందరినీ తన గదిలో కూర్చోబెట్టింది. ఆపరేషన్ అయి అప్పటికి ఇరవై రెండు రోజులు. నన్ను ఎనిమిదో రోజే పంపేశారు. పొట్ట మీద కుట్లు ఇంకా లాగుతూనే ఉన్నాయి, నవ్వితే మరీను. ఆ సంగతి తెలిసి అన్నయ్య పనిగట్టుకుని నవ్వించేవాడు.

"డాక్టరమ్మా, ఇది మా చెల్లెలి లివర్ కదా. దాంతోపాటు దాని నోరు కూడా నాకు వచ్చేస్తుందా?"

"నోరు మీకు ముందే ఉన్నట్టుందే," అందావిడ కాగితాల మీంచి తలెత్తకుండా.

నేను పొట్ట పట్టుకున్నాను. నాన్న మాత్రం నవ్వలేదు. బడిలో పిల్లాడిలా చెయ్యెత్తాడు.

"మళ్లీ పెరుగుతుందంటారు కదమ్మా. ఎలా? బల్లి తోకలాగానా?"

"తోకలా కాదండీ. కోసిన చోట కొత్తగా ఏదీ మొలవదు. కోసిన ఆకారం తిరిగి రాదు. మిగిలిన ముక్కే లావెక్కుతుంది. అందులో కణాలు ఒకటి రెండవుతాయి, రెండు నాలుగవుతాయి. ఆ ఒంటికి ఎంత కావాలో అంతయ్యాక ఆగిపోతుంది."

"ఎక్కడ ఆగాలో దానికెవరు చెప్తారు?"

"కొంత తెలుసు. అంతా తెలీదు." ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఒకటి మాత్రం బాగా తెలుసు. పెరుగుతున్నప్పుడు దాని జోలికి ఎవరూ పోకూడదు. ఇప్పుడు మేమిచ్చే మాత్రలు ఒంటికున్న కాపలాని నిద్రపుచ్చుతాయి. లేకపోతే ఒళ్లు ఈ ముక్కని పరాయిదనుకుని తరిమేస్తుంది. కాపలా లేదు కాబట్టి దుమ్ము, బూజు, జనం, ఏవీ దగ్గరికి రాకూడదు. శుభ్రమైన గది చూడండి. ఆరు నెలలు మీ షెడ్డులోకి అడుగుపెట్టనివ్వకండి. తాగుడు మాటే వద్దు. ఎవరో చెప్పారని ఆకులూ పొడులూ అసలే వద్దు."

అని నా వైపు చూసింది.

"ఇది పోతే, ఇవ్వడానికి ఈ అమ్మాయి దగ్గర ఇంకో ముక్క లేదు."

ఈసారి అన్నయ్య కూడా నవ్వలేదు.

మాది పాలిష్ పని. పాత బల్లలు, బీరువాలు, తలుపులు తెచ్చుకుని, పూత ఊడదీసి, ఉప్పుకాగితం పట్టి, కొత్త పూతలు పూసి, కొత్తవాటికంటే కొత్తగా పంపుతాం. ఇల్లు ముందు, షెడ్డు వెనక. రెంటికీ మధ్య ఆరే గది. పూత పూసిన సామాను తడి ఆరేదాకా అందులో ఉంటుంది. తడి పూత మీద ఒక్క రేణువు దుమ్ము వాలినా రెండు రోజుల పని నేలపాలు. అందుకని ఆ గదికున్న ఒకే ఒక్క కిటికీకి అంచులన్నీ టేపు వేసి మూసేశాం. తలుపు కింద సందులో తడిగుడ్డ. పొద్దున్నే నేలంతా నీళ్లు చల్లి గాలిలో దుమ్ము అణగ్గొడతాం. ఆ నీళ్లు వెనక గోడ మూలనున్న తూములోంచి బయటికి పోతాయి.

ఆ గది చూపించింది నేనే.

"ఆస్పత్రిలో కూడా ఇంత శుభ్రమైన గది దొరకదు," అన్నాను. "ఈ గాలికి వీధిలో దుమ్ము ఎలా లేస్తోందో చూశారుగా. ముందు గదిలో పడుకోబెడితే మూడు రోజుల్లో మళ్లీ ఆస్పత్రే."

"షెడ్డులోకి వద్దన్నారు కదా," అంది వదిన.

"ఆరే గది షెడ్డా?" నాన్నా నేనూ ఒకేసారి అన్నాం.

మాకది షెడ్డు కాదు. షెడ్డంటే పని జరిగే చోటు. ఆరే గదిలో ఎవరూ పని చెయ్యరు. గట్టిగా మాట్లాడను కూడా మాట్లాడం, తుంపర పడుతుందని. వదినది దర్జీల ఇల్లు. మా ఇంటికొచ్చి ఏడేళ్లే అయింది. "మీ పని సంగతులు మీకే తెలియాలి," అని ఊరుకుంది.

నాన్న ఇంకో అడుగు ముందుకేశాడు. అప్పుడే మాకొక పెద్ద పని ఒప్పుకుని ఉంది. కోర్టు బెంచీలు, నూట ఇరవై. ఎనభై ఏళ్ల పూతలు ఒకదాని మీద ఒకటి పేరుకుని, తీర్పు కోసం కూర్చున్నవాళ్లు గోళ్లతో గీకిన గీతలతో నల్లగా ఉన్నాయి. అవి ఉప్పుకాగితానికి లొంగేవి కావు. రిమూవర్ తొట్టిలో ముంచాల్సిందే. ఎంత మొండి పూతనైనా మీగడలా మెత్తబరిచి లేపేసే ద్రవం అది. ఆ తొట్టి ఎప్పుడూ ఇంటి వైపు తలుపు దగ్గరుండేది. ఘాటు కొడుకు దాకా రాకూడదని నాన్న దాన్ని పెరట్లోకి, ఆరే గది వెనక గోడ పక్కకు మార్పించాడు.

"ఇప్పుడు మధ్యలో మూరెడు గోడుంది. కడుపులో చల్ల కదలకుండా పడుకోరా," అన్నాడు.

రెండు పొట్టి మంచాలు వేశాం. ఒకటి అన్నయ్యకి, ఒకటి నాకు. నేనూ బరువులెత్తకూడదు కాబట్టి అతనికి తోడు. బెంచీల పని నాన్నా వదినా చూసుకుంటారు. అన్నయ్య ఆస్పత్రిలో ఉండగానే నాన్న అతని మంచానికి తన చేత్తో కొత్త వార్నిష్ వేశాడు. అన్నయ్య వచ్చేసరికి అది గాజులా బిగుసుకుని ఉంది.

రోజూ పొద్దున తలుపు తీసి, వెలుతురుకి తిప్పి, అన్నయ్య కళ్లు చూడటం నా పని. పాలిష్ పనివాళ్లకి పసుపంటే ఒక రంగు కాదు. తెల్ల చెక్క మీద లక్క మొదటి పూత చూసీ చూడనట్టు ఉంటుంది. తెలిసినవాళ్లకే కనిపిస్తుంది. రెండో పూతకి తేనె రంగు తిరుగుతుంది. మూడో పూతని ఎవరైనా పోల్చుకుంటారు. ఆపరేషన్‌కి తీసుకెళ్లిన రోజు అన్నయ్య కళ్లు మూడో పూత. ఇంటికొచ్చిన రోజు తెల్ల చెక్క.

సోమవారం, గురువారం పొద్దున్నే ల్యాబు నుంచి ఒకమ్మాయి వచ్చి రక్తం తీసుకెళ్లేది. అన్నయ్య ఆమెకి సూదమ్మాయి అని పేరు పెట్టాడు. మొదటి రోజే ఆమె గుమ్మంలో ఆగి ముక్కు మూసుకుంది.

"అబ్బ! ఏం వాసనండీ మీ ఇల్లు!"

"వచ్చిన కొత్తలో నేనూ ఇలాగే ముక్కు మూసుకున్నాను," అని వదిన నవ్వింది. "ఇప్పుడు నాకేమీ రాదు."

మా ఇంటికొచ్చిన ప్రతి మనిషీ గుమ్మంలో అదే మాటంటాడు. పుట్టినప్పటినుంచీ వింటున్నాం. మా ముక్కుల్లో ఆ వాసన ఎప్పుడో చచ్చిపోయింది.

నాలుగో వారం చివర్లో అన్నయ్య ఎంజైము, అంటే కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగేది, యాభై రెండు. నలభైకి దిగితే మామూలు మనిషే. డాక్టరమ్మ ఫోన్లో "భేష్" అంది. ఆ మర్నాడే మొదటి లారీ బెంచీలు దిగాయి. సోమవారం పొద్దున్నే నాన్న తొట్టి నింపాడు.

ఆ గురువారం నూట పద్దెనిమిది.

ఒళ్లు తిరగబడుతున్నట్టుందని డాక్టరమ్మ మాత్రలు పెంచింది. సోమవారం నూట రెండు. హమ్మయ్య అనుకున్నాం. గురువారం నూట తొంభై. మళ్లీ సోమవారం నూట అరవై. గురువారం రెండు వందల డెబ్భై. కళ్లు మొదటి పూత దాటి రెండో పూతలోకి వెళ్తున్నాయి.

ఆ మాట ముందు సూదమ్మాయే అంది.

"విచిత్రంగా ఉందక్కా. సోమవారం ఎప్పుడూ తగ్గుతుంది. గురువారం ఎప్పుడూ పెరుగుతుంది. ఆదివారం మీ ఇంట్లో ఏం చేస్తారేంటి?"

"ఏం చేస్తాం? షెడ్డుకి సెలవు. అందరం ఇంట్లోనే ఉంటాం."

అనేశాక ఆ మాట నా చెవుల్లో తిరిగింది. అందరం ఇంట్లోనే ఉంటాం. అందరి కళ్లూ అతని మీదే ఉంటాయి. మిగతా ఆరు రోజులు?

అన్నయ్య ఒకప్పుడు తాగేవాడు. రోజూ కాదు. శనివారాలు, పని ముగిశాక. రెండేళ్ల కిందట మానేశాడు. కళ్లు పచ్చబడినప్పుడు వీధంతా ఆ శనివారాల సంగతే చెప్పుకుంది. మా తాత పోలిక అన్నారు. నాన్నకి నాన్న ఆయన, ఈ పనే చేసి, ఈ రంగు కళ్లతోనే పోయాడట. చుక్క ముట్టలేదని మంచం మీద కూడా ఒట్లు పెట్టాడట. ఒక్కరూ నమ్మలేదు, నాన్నతో సహా.

పైగా మధ్యాహ్నాలు. మూడయ్యేసరికి అన్నయ్య మాట ముద్దగా వచ్చేది. ముఖం ఎర్రబడేది. లేచి నిలబడితే గోడ పట్టుకునేవాడు, కారణం లేకుండా నవ్వేవాడు. ఆ నడక నాకు బాగా తెలుసు. శనివారాల నడక. నాకేమో ఆ వేళకి తల పగిలిపోయేది. కోత తాలూకు నీరసం అనుకుని పడుకునేదాన్ని. పడుకుంటే ఒళ్లు తెలిసేది కాదు. నేను మొద్దులా నిద్రపోయే ఆ రెండు గంటలూ అతను ఏం చేస్తున్నట్టు?

ఆ శుక్రవారం డాక్టరమ్మ ఆస్పత్రికి రమ్మంది. రెండ్రోజుల ముందే అన్నయ్య కాలేయంలోంచి సూదితో వెంట్రుకంత ముక్క తీయించి పరీక్షకి పంపి ఉంది. నన్నూ వదిననూ మాత్రమే లోపలికి పిలిచి తలుపు వేసింది.

"ఒళ్లు తిరగబడటం కాదిది. బయటినుంచి ఏదో విషం పడుతోంది. ఏమిస్తున్నారు?"

"మీరు రాసినవి తప్ప ఇంకేమీ లేదండీ," అంది వదిన.

"చుట్టాలెవరైనా టానిక్కులు తెచ్చారా? పసర్లు?"

"గుమ్మం దాటి ఎవర్నీ రానివ్వట్లేదు."

"షెడ్డులోకి వెళ్తున్నాడా?"

"ఒక్కసారి కూడా వెళ్లలేదు," అన్నాను. అది నిజం.

"తాగుతున్నాడా?"

వదిన నేల చూసింది. నేను కిటికీ చూశాను. ఆవిడకి మా జవాబు అందింది.

"చచ్చిన కణాల చోట కొత్తవి పుట్టించుకుంటూనే ఉంటుంది లివర్. మహా మొండిది. కానీ పుట్టేవాటికంటే చచ్చేవి ఎక్కువైతే అదైనా ఎన్నాళ్లు పోరాడుతుంది? సోమవారానికి ఇక్కడ మంచం ఖాళీ అవుతుంది. చేర్చుకుని నా కళ్ల ముందే ఉంచుకుంటాను. ఈ లోపు మీ ఇల్లు వెతకండి."

వెతికాం. వదిన పరుపు తిరగేసింది, దిండ్ల గలీబులు ఊడదీసింది, మాత్రల డబ్బాలు వాసన చూసింది. నేను మంచం కింద చీపురు పెట్టి లాగాను. చిన్న సీసా కూడా దొరకలేదు. దొరక్కపోవడంతో నాకు ఇంకా మండింది. అన్నయ్య గోడకి ఆనుకుని కూర్చుని మా ఇద్దర్నీ చూస్తున్నాడు.

"ఎక్కడ దాచావ్?"

"ఏంటే?"

"నాటకాలొద్దన్నయ్యా. సీసా."

"నేను తాగట్లేదే."

"ఆదివారం అందరం ఉంటాం కాబట్టి నీకు కుదరదు. సోమవారం తగ్గుతుంది. మిగతా రోజులు నేను కన్ను మూస్తే చాలు నీకు. గురువారానికి అడ్డంగా దొరికిపోతున్నావ్. నీ రక్తమే చెప్తోంది."

"పక్క మంచం మీద నువ్వున్నావ్. తలుపు కింద తడిగుడ్డుంది. ఎవరు తెచ్చిస్తారే నాకు? సూదమ్మాయా?"

నవ్వించబోయాడు. మాట ముద్దగా వచ్చింది. ఆ ముద్ద మాట విని నాకు ఒళ్లు తెలియలేదు.

"నాలో సగం పైన కోసిచ్చాను నీకు. దాన్ని తీసుకెళ్లి తాగుడులో నానబెడుతున్నావ్. తెలిసుంటే ఇచ్చేదాన్ని కాదు."

వదిన చేతిలో గలీబు అలాగే ఉండిపోయింది. గుమ్మంలో నాన్న ఎప్పుడొచ్చి నిలబడ్డాడో, చేతులకి ఇంకా రిమూవర్ జిగట ఉంది. దగ్గాడు. దగ్గు ఆగాక, ఎవరితోనో చెబుతున్నట్టు అన్నాడు.

"మా నాన్నా ఇదే మాట. కళ్లు మూసేదాకా ఇదే మాట."

అన్నయ్య ఆయన వైపు చూడలేదు. నా వైపే చూశాడు, చాలాసేపు.

"నీ ముక్క నా కడుపులోనే ఉందిగా. దాన్నే అడుగు," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు శనివారం. మధ్యాహ్నం రెండవుతుండగా వీధి తలుపు చప్పుడైంది. సూదమ్మాయి. ఆమె రావలసిన రోజు కాదు, రావలసిన వేళా కాదు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అక్కా, కోప్పడకండి. ఒక మాట అడగనా? మీరు కూడా ఏమైనా తీసుకుంటున్నారా?"

"నేనా?"

"మొన్న గురువారం మీ రెండో నెల పరీక్షకి కూడా రక్తం తీశాను కదా. నూట నలభై వచ్చింది. మూడో వారంలో మీది ముప్పై ఐదు." ఆమె కాగితం నా చేతిలో పెట్టింది. "మీ అన్నగారిదీ మీదీ తారుమారయ్యాయేమోనని రెండోసారి కూడా వేయించాను. కాలేదక్కా. ఇది మీదే."

నేను జన్మలో చుక్క ముట్టలేదు.

కాగితం పట్టుకుని ఆరే గదికి వచ్చాను. లోపల అన్నయ్య మగతగా పడున్నాడు, ముఖం ఎర్రగా. లేపాలి. ఏం చెప్పాలో తెలియదు, కానీ లేపాలి. వంగడానికి కుట్లు లాగుతుంటే ఆసరాకి అతని మంచం తలవైపు చెక్కని పట్టుకున్నాను.

నా బొటనవేలు అతుక్కుంది.

తీసి చూశాను. వార్నిష్ మీద నా వేలిముద్ర, గీత గీతగా. నెల కిందటే గాజులా బిగుసుకున్న పూత.

మా పని తెలియనివాళ్లకి అది చిన్న జిగట. నాకు కాదు. బిగుసుకున్న వార్నిష్ ఎండకి మెత్తబడదు. నీళ్లకి మెత్తబడదు. అది మెత్తబడాలంటే గాలిలో ఒక్కటే ఉండాలి.

చెక్క పొడవునా వేలు జరిపాను. పైన కొంచెం జిగట. కిందికి వెళ్లేకొద్దీ ఎక్కువ. మంచం కోళ్ల దగ్గర పూత ముసలి చర్మంలా ముడతలు పడి ఉంది. అంటే రిమూవర్ ఆవిరి నేల మీద పాకుతూ వస్తోంది. గాలికంటే బరువైనది. నిలబడి తిరిగేవాళ్ల నడుం దాకా కూడా రాదు. పొట్టి మంచాల మీద పడుకున్నవాళ్లని మాత్రం పూర్తిగా ముంచుతుంది.

కిటికీకి టేపు ఉంది. తలుపు కింద తడిగుడ్డ ఉంది. నీళ్లు పోవాలని మేం మూయకుండా వదిలేసింది ఒక్కటే.

పొట్ట పట్టుకుని మోకాళ్ల మీద తూము దగ్గరికి పాకాను. చెవి పెట్టాను. నాన్న దగ్గు వినిపించింది. గోడ అవతల దగ్గినట్టు లేదు. నా చెవిలో దగ్గినట్టుంది.

"నాన్నా," అన్నాను తూములోకి.

దగ్గు ఆగింది. "ఎవరూ? ఎక్కడున్నావే?"

"గదిలో. తొట్టి మూత పెట్టు."

"ఇప్పుడేగా బెంచీ ముంచాను. గంట నాననీ."

"బెంచీ తీసెయ్. మూత పెట్టు నాన్నా."

అవతల బెంచీ లాగిన చప్పుడు. తర్వాత రేకు మూత పడిన చప్పుడు.

నాన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మంచం చెక్క మీద వేలిముద్ర చూపించాను. ఆయన వంగి, చెయ్యి చొక్కాకి తుడుచుకుని, నా ముద్ర పక్కనే తన బొటనవేలు నొక్కి తీశాడు. రెండు ముద్రల వైపు చూశాడు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లి గోళ్లతో టేపు పీకడం మొదలుపెట్టాడు.

అన్నయ్యని మోసుకెళ్లి వదిన కుట్టుమిషను ఉన్న వీధి గదిలో పడుకోబెట్టారు. డాక్టరమ్మ సోమవారం దాకా ఆగలేదు. గంటలో ఆస్పత్రికి రప్పించింది.

"షెడ్డు వద్దన్నాను కదండీ!"

నాన్న నీళ్లు నమిలాడు. అది షెడ్డు కాదు అనబోయాడని నాకు తెలుసు.

"దుమ్ము మాటేమిటండీ మరి?" అని వదిన అడిగింది.

"తడిగుడ్డతో తుడవండి, ముక్కుకి మాస్కు కట్టండి. కిటికీ మాత్రం తెరిచి పెట్టండి. ఊపిరాడే గదిలో ఉంచండి మనిషిని!"

పదకొండు రోజులున్నాడు అక్కడ. రెండు వందల డెబ్భై నూట యాభైకి దిగింది. ఎనభైకి దిగింది. సోమవారాలూ గురువారాలూ ఒకేలా దిగాయి. మూడో నెల చివర ఇద్దరికీ స్కానింగ్ తీశారు. డాక్టరమ్మ తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. మొదటిది నాది, గుండ్రంగా ఉబ్బి ఉంది. రెండోది అన్నయ్యది, ఒకవైపు సాగి ఉంది. రెండూ కాలేయంలా లేవు.

"చూడ్డానికి వంకర. పనికి ఢోకా లేదు. రెండూ నిండాయి. వారం పది రోజులు ఆలస్యమై ఉంటే ఈ రెండో బొమ్మ ఉండేది కాదు."

బయటికొచ్చి వరండాలో కూర్చున్నాం. వదిన మాత్రల చీటీతో వెళ్లింది.

"అన్నయ్యా, ఆ రోజు నేనన్న మాట..."

"ఏ మాట?"

"తెలిసుంటే ఇచ్చేదాన్ని కాదని."

"ఊరుకోవే. విషం ఎక్కిందిగా ఇద్దరికీ." పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు. "నీ ముక్క మాత్రం నన్ను నమ్మింది. నీకే ఆలస్యమైంది."

కోపంగా అనలేదు. నవ్వుతూ కూడా అనలేదు. నా కుట్లు అప్పటికి పూర్తిగా మానాయి, ఎంత నవ్వినా నొప్పి రాదు. అతను మాత్రం మళ్లీ నన్ను నవ్వించే ప్రయత్నం చెయ్యలేదు.

కోర్టు బెంచీల్లో సగం పాత పూతతోనే తిరిగి వెళ్లాయి. తొట్టి ఖాళీ చేసి బోర్లించేశారు. తూముకి నాన్న తన చేత్తో సిమెంటు పెట్టాడు, ఇక ఆ గదిలో ఎవరూ పడుకోరని తెలిసి కూడా.

వేసవి గాలులు ఆగిపోయిన సోమవారం సూదమ్మాయి వచ్చింది. ఇక వారానికొకసారి చాలన్నారు. వీధి గదిలో కిటికీ బార్లా తెరిచి ఉంది. వదిన మిషను తొక్కుతోంది. మిషను మీద, బట్టల మీద, అన్నయ్య కాళ్ల మీద సన్నని దుమ్ము. ముందు అన్నయ్యది తీసింది, తర్వాత నాది. సూదులు సర్దుకుంటోంది.

నాన్న షెడ్డులోంచి వచ్చాడు. వచ్చి వదిన పక్కనున్న పొట్టి స్టూలు మీద కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"నాది కూడా తియ్యమ్మా."

"మీకు రాసివ్వలేదు కదండీ. డాక్టర్ని అడక్కుండా..."

"తియ్యి."

ఆమె నా వైపు చూసింది. తియ్యమన్నట్టు తలూపాను. సూది దిగింది. నాన్న దాని వైపు చూడలేదు, కొడుకు వైపు చూశాడు.

"మా నాన్న తాగేవాడు కాదేమోరా."

కుట్టుమిషను ఆగిపోయింది. గాజు గొట్టంలోకి రక్తం మెల్లగా ఎక్కుతోంది.

ఆ వేసవంతా రోజూ పొద్దున ఒక మనిషి కళ్లే చూశాను నేను. నలభై ఏళ్లుగా ఆ తొట్టి మీద వంగిన మనిషి కళ్లు చూడాలని మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు.

"ఇలా వెలుతురుకి తిరుగు నాన్నా," అని ఆయన గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పాను. బొటనవేలితో కింది రెప్ప లాగాను.

చూసీ చూడనట్టు ఉంది. తెలిసినవాళ్లకే కనిపిస్తుంది.

మొదటి పూత.